ఆల్బమ్ నుంచి తెర మీదికి: ఫొటోలతో వీడియో చేసుకోవడంపై పాఠకుల ప్రశ్నలు

ముహూర్తాలు దగ్గర పడుతున్నందువల్ల కాబోలు, ఈసారి ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే విషయాన్ని అడిగాయి. పెండ్లి గానీ, ఓణీల వేడుక గానీ, పదవీ విరమణ సభ గానీ, మండపంలో ఒక పెద్ద తెర పెట్టి ఆ ఇంటివారి పాత ఫొటోలను పాటతో కలిపి నడిపించడం విజయవాడలోనూ గుంటూరులోనూ మామూలైపోయింది. డబ్బిచ్చి చేయించుకునేవారు ఎలాగూ చేయించుకుంటారు. ఇంట్లో ఉన్న కంప్యూటరు మీద, ఉచితంగా దొరికే ప్రోగ్రాములతో తామే చేసుకోవాలనుకునేవారికే సందేహాలు ఎక్కువ. కాబట్టి ఈ సంచికలోని స్థలమంతా వారికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా నాన్నగారి సహస్ర చంద్ర దర్శనం వచ్చే నెలలో జరగనుంది. నా దగ్గర 300 ఫొటోలు పోగయ్యాయి. ఇదివరలో విండోస్ మూవీ మేకర్‌లో ఇటువంటి వీడియోలు చేసేవాణ్ణి, ఇప్పుడున్న లాప్‌టాప్‌లో అది లేదు. తెర మీద ఎవరి పేరు ముద్రా పడకుండా ఉచితంగా పని చేసే ప్రోగ్రాము ఏదైనా ఉన్నదా? నా లాప్‌టాప్‌లో ఉన్నది 64 బిట్ విండోస్ 10, ర్యామ్ 4 జీబీ.
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: మీరు వాడిన మూవీ మేకర్ 2000వ సంవత్సరంలో విండోస్ మిలీనియం ఎడిషన్‌తో పాటు వచ్చింది. మైక్రోసాఫ్ట్ సంస్థ 2017 జనవరి 10తో దానికి స్వస్తి చెప్పింది. దాన్ని వెతుక్కుంటూ తిరగడం వల్ల మేలు కంటే కీడే ఎక్కువ, కారణం తర్వాతి జవాబులో కనబడుతుంది. ఆ లోటును తీర్చడానికి ఇప్పుడు నాలుగు ప్రోగ్రాములు ఉన్నాయి: ఫొటోఫిల్మ్‌స్ట్రిప్, షాట్‌కట్, ఓపెన్‌షాట్, కేడెన్‌లైవ్. నాలుగూ ఓపెన్ సోర్స్ పద్ధతిలో తయారైనవి, అంటే వాటి మూలరచన అందరికీ అందుబాటులో ఉంటుంది, గడువు ముగియడం, ముద్ర పడడం వంటి మెలికలు వాటిలో ఉండవు.

వీటిలో ఫొటోఫిల్మ్‌స్ట్రిప్ ఒక్కటే కేవలం ఫొటోల కోసం పుట్టినది. ప్రతి ఫొటో మీద రెండు చట్రాలు చూపిస్తుంది. మొదటి చట్రంలో ఉన్న భాగంతో మొదలై రెండవ చట్రంలోని భాగం దగ్గరికి చూపు నెమ్మదిగా జరుగుతుంది. అమెరికన్ డాక్యుమెంటరీ దర్శకుడు కెన్ బర్న్స్ పేరుతో ప్రసిద్ధమైన పద్ధతి ఇది. గుంపు ఫొటోలో మొదట అందరినీ చూపి చివరకు మీ నాన్నగారి ముఖం మీద ఆగాలంటే ఇంతకంటే సులువైన మార్గం లేదు. షాట్‌కట్ పూర్తిస్థాయి వీడియో ఎడిటర్. అయినా ప్లేలిస్టులో ఫొటోలన్నీ చేర్చి, ఎంచుకొని, వాటిని స్లైడ్‌షోగా మార్చమని చెబితే ఒక్కొక్క ఫొటో ఎన్ని సెకన్లు ఉండాలి, ఒకటి పోయి మరొకటి వచ్చేటప్పుడు మార్పు ఎలా జరగాలి అన్న ప్రశ్నలు తానే అడిగి, మొత్తాన్ని ఒక్కసారిగా కూర్చిపెడుతుంది. ఓపెన్‌షాట్‌లోనూ ఇటువంటి సదుపాయం ఉంది. కేడెన్‌లైవ్ ఇంకా సమర్థమైనది కానీ నేర్చుకోవడానికి కొన్ని సాయంత్రాలు పడుతుంది. విండోస్ 11తో వచ్చే క్లిప్‌చాంప్‌లో ఉచితంగానే, ముద్ర లేకుండా, ఫుల్ హెచ్‌డీ అనే 1080 స్థాయి వీడియో భద్రపరచుకోవచ్చు. అయితే దానికి మైక్రోసాఫ్ట్ ఖాతా కావాలి, 4 జీబీ ర్యామ్ మీద దాన్ని నడిపించమని నేను చెప్పను. డావిన్చీ రిజాల్వ్ ఉచిత కూర్పు గురించి మరి కొందరు పాఠకులు అడిగారు. సినిమావాళ్ళు వాడేది అది, మన పనికి పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. మీకు నా సలహా: కదలిక ఒక్కటే చాలనుకుంటే ఫొటోఫిల్మ్‌స్ట్రిప్, మధ్యమధ్య పాత వీడియో తునకలు కూడా చేర్చదలిస్తే షాట్‌కట్.

అయితే మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టినది ప్రోగ్రాము సంగతి కాదు, 300 అన్న సంఖ్య. ఫొటోకు 5 సెకన్ల చొప్పున లెక్క వేస్తే 1500 సెకన్లు, అంటే 25 నిమిషాలు. ఒక్కో మార్పు దగ్గర ఒక సెకను పాటు రెండు ఫొటోలు ఒకదానిమీద ఒకటి కలిసినా 20 నిమిషాలకు తగ్గదు. వేడుకకు వచ్చినవారు మీ నాన్నగారి మీద ఎంత గౌరవం ఉన్నవారైనా, వంటశాల నుంచి గుమ్మడికాయ పులుసు వాసన వస్తుండగా 20 నిమిషాలు తెర వంక చూస్తూ కూర్చోరు. ఒక పాట నిడివి, అంటే 5 నిమిషాలు, అందులో 60 నుంచి 70 ఫొటోలు సరిపోతాయి. ఏరడం కష్టమే, ఎందుకంటే ఎవరి ఫొటో తీసివేస్తే వారికి కోపం వస్తుంది. దానికొక ఉపాయం ఉంది: బంధువులందరూ పడిన గుంపు ఫొటోలు నాలుగైదింటిని 10 సెకన్ల చొప్పున ఉంచి, ఆ ఫొటోల మీద చూపును ఈ చివరి నుంచి ఆ చివరికి మెల్లగా జరిపితే ఏ ఒక్కరి ముఖమూ తప్పిపోదు.

ఏరిన తరువాత రెండు పనులు చేయాలి, ఈ రెండూ ప్రోగ్రాము తెరవక ముందే. మొదటిది, పరిమాణం తగ్గించడం. ఫోనుతో తీసిన మామూలు ఫొటోలో అడ్డంగా 4000, నిలువుగా 3000, మొత్తం కోటీ ఇరవై లక్షల చుక్కలు (పిక్సెళ్ళు) ఉంటాయి. వీడియో తెరకు కావలసినవి 1920 అడ్డంగా, 1080 నిలువుగా, అంటే సుమారు 20 లక్షల 70 వేలు మాత్రమే. ప్రతి ఫొటోలోనూ అవసరానికి దాదాపు ఆరు రెట్లు సమాచారాన్ని మీ లాప్‌టాప్ మోయవలసి వస్తున్నదన్నమాట; చాలా కంప్యూటర్లు మధ్యలో బిగుసుకుపోవడానికి కారణం ఇదే. ఇర్ఫాన్‌వ్యూ, ఎక్స్‌ఎన్‌కన్వర్ట్ అనే ప్రోగ్రాములు రెండూ సొంత వాడకానికి ఉచితం. వాటితో అన్ని ఫొటోలనూ ఒక్క ఊపులో తగ్గించవచ్చు. చూపు ఫొటోలోకి చొచ్చుకుపోవాలనుకుంటే కొంత మిగులు ఉంచి వెడల్పు 2880 చుక్కలకు కుదించండి. కుదించినవి వేరే ఫోల్డరులో పెట్టండి, అసలు ఫొటోల జోలికి వెళ్ళవద్దు.

రెండవది, పేర్లు మార్చడం. ఫైళ్ళకు 1, 2, 3 అని పేర్లు పెడితే కొన్ని ప్రోగ్రాములు వాటిని అక్షరాలుగా చదివి 1 తరువాత 10ని, ఆ తరువాత 11ని తీసుకొంటాయి. నాన్నగారి చదువుకన్నా ముందు మనుమడి అన్నప్రాశన రావడానికి కారణం అదే. 001, 002 అని మూడంకెల పేర్లు పెడితే వరుస ఎక్కడా తప్పదు. ఈ రెండు పనులకు ఒక సాయంత్రం పడుతుంది, ఆ తరువాత ప్రోగ్రాములో పని ఒక గంటకు మించదు.

ప్రశ్న: "మూవీ మేకర్ ఉచితం" అని ఇంటర్నెట్‌లో చూసి దించుకున్నాను. ఫొటోలన్నీ అమర్చాక భద్రపరచబోతే డబ్బు చెల్లించమంటున్నది. చెల్లించవచ్చునా?
ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: చెల్లించవద్దు, ఆ ప్రోగ్రామును వెంటనే తీసివేసి వైరస్ పరీక్ష చేయించండి. అసలు మూవీ మేకర్‌కు మైక్రోసాఫ్ట్ ఎన్నడూ విడిగా డబ్బు అడగలేదు. అది నిలిచిపోయిన తరువాత దాని పేరుతో నకిలీలు పుట్టుకొచ్చాయి. 2017 నవంబరులో ఈసెట్ అనే కంప్యూటరు భద్రతా సంస్థ సరిగ్గా మీరు వర్ణించిన మోసాన్నే బయటపెట్టింది. పని అంతా చేయనిచ్చి చివరి మెట్టు మీద చేయి చాచడం వారి పద్ధతి, ఎందుకంటే నాలుగు గంటలు శ్రమపడినవారు ఆ డబ్బు కట్టేసే అవకాశం ఎక్కువ. అందుకే ఏ కొత్త ప్రోగ్రామునైనా ముందు మూడే మూడు ఫొటోలతో వీడియో చేసి, భద్రపరచి, ఆ ఫైలును తెరిచి చూడండి. ముద్ర, గడువు, డబ్బు, అన్నీ అక్కడే తేలిపోతాయి. ప్రోగ్రామును దించుకొనేటప్పుడు వెతుకులాటలో పైన కనబడే ప్రకటనలను నొక్కకుండా, దాన్ని తయారు చేసినవారి సొంత వెబ్‌సైటుకే వెళ్ళండి.

ప్రశ్న: వీడియోలో కొన్ని ఫొటోలు పక్కకు పడుకున్నట్టు వస్తున్నాయి. ఫోనులో నిటారుగానే ఉన్నాయి. నిలువు ఫొటోలకు ఇరువైపులా నల్లటి పట్టీలు వస్తున్నాయి. మా అబ్బాయి అమెరికా నుంచి పంపిన ఫొటోలు అసలు తెరుచుకోవడమే లేదు.
ఒక గృహిణి, కొత్తపేట, గుంటూరు

జవాబు: మూడూ వేరువేరు జబ్బులు. ఫోను ఫొటో తీసేటప్పుడు చుక్కలను తన అమరికలోనే రాసుకొని, "దీన్ని తిప్పి చూపించాలి" అనే ఒక చీటీని ఫైలులో జత చేస్తుంది. ఎగ్జిఫ్ అని పిలిచే ఆ చీటీని చదవని ప్రోగ్రాములో ఫొటో పడుకొనే కనబడుతుంది. ఇర్ఫాన్‌వ్యూలో ఆ చీటీ ప్రకారం ఫొటోలను నిజంగానే తిప్పి భద్రపరచే సదుపాయం ఉంది. ఒకసారి అలా తిప్పేస్తే ఏ ప్రోగ్రాములోనైనా నిలబడే ఉంటాయి.

మీ అబ్బాయి బహుశా ఐఫోను వాడుతూ ఉంటారు. 2017 నుంచి ఐఫోన్లు ఫొటోలను జేపెగ్‌గా కాక హెచ్‌ఈఐసీ అనే రూపంలో దాచుకుంటున్నాయి. ఎక్స్‌ఎన్‌కన్వర్ట్‌తో వాటిని జేపెగ్‌లుగా మార్చుకోండి. ఇక మీదట పంపేవి వాట్సాప్‌లో మామూలు ఫొటోలుగా కాకుండా డాక్యుమెంటుగా పంపమనండి. మామూలుగా పంపితే వాట్సాప్ ఫొటోను నొక్కి చిన్నది చేస్తుంది, ఆ తేడా ఫోనులో తెలియదు, మండపంలోని తెర మీద తెలుస్తుంది.

నల్లటి పట్టీలు తప్పు కాదు, లెక్క. వీడియో తెర వెడల్పుకూ ఎత్తుకూ ఉన్న నిష్పత్తి 16కు 9. ఫోను ఫొటోది 4కు 3. తెర ఎత్తు నిండా దాన్ని పెడితే 1440 చుక్కల వెడల్పే వస్తుంది, మిగిలిన 480లో చెరి సగం రెండు పక్కలా ఖాళీ. నిలువు ఫొటోకైతే ఖాళీ ఇంకా ఎక్కువ. పట్టీలు పోవాలని ఫొటోను సాగదీస్తే మనుషులు పొట్టిగా లావుగా కనబడతారు, ఆ పని మాత్రం ఎన్నడూ చేయవద్దు. కత్తిరించి నింపితే తలలో కాళ్ళో పోతాయి. మధ్యేమార్గం ఒకటుంది: అదే ఫొటోను మసకబారేలా పెద్దది చేసి వెనుక పరచడం. షాట్‌కట్‌లో దీనికి బ్లర్ ప్యాడ్ అనే ఫిల్టరు ఉంది. కళ్ళకు అలవాటైన పద్ధతి కాబట్టి చాలామందికి నచ్చుతుంది. నా మట్టుకు నాకు నల్లటి పట్టీలే ఇష్టం. పాత నలుపు తెలుపు ఫొటో పక్కన నలుపే హుందాగా ఉంటుంది, చూపు చెదరదు.

ప్రశ్న: నేను డీటీపీ పని చేస్తాను. అను ఫాంట్లలో టైపు చేసిన తెలుగు శీర్షికను వీడియో ప్రోగ్రాములో అతికిస్తే పిచ్చి గీతలు వస్తున్నాయి. యూనికోడ్‌లో టైపు చేస్తే ఒక ప్రోగ్రాములో బాగానే వస్తున్నది, మరొక దానిలో వత్తులు విడిపోయి పక్కకు జారుతున్నాయి. ఎందుకు?
ఒక పాఠకుడు, గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: మీ వృత్తిలో ఉన్నవారు అడగవలసిన ప్రశ్న ఇది. అను వంటి పాత ఫాంట్లలో తెలుగు గుర్తులను ఇంగ్లీషు అక్షరాల గళ్ళలో కూర్చోబెట్టారు. ఫాంటు ఉన్నంతసేపు అది తెలుగులా కనబడుతుంది కానీ, కంప్యూటరు లెక్కలో అది తెలుగు కాదు. వీడియో ప్రోగ్రాము తన ఫాంటు తొడగగానే ముసుగు తొలగిపోయి గళ్ళలో అసలున్నవే బయటపడతాయి. అన్ని భాషల అక్షరాలకూ వేరువేరు సంకేతాలు కేటాయించిన యూనికోడ్ పద్ధతిలో తెలుగుకు 1991 నాటి తొలి కూర్పు నుంచే సొంత గళ్ళు ఉన్నాయి కాబట్టి అందులో ఈ బాధ లేదు.

వత్తుల సంగతి వేరు. యూనికోడ్ తెలుగులో 'స్త్రీ' అన్న ఒక్క అక్షరం వరుసగా ఆరు సంకేతాలుగా ఉంటుంది: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘమైన గుడి. వాటిని చదివి వత్తులను కిందికి పంపి, గుడిని పైన తగిలించి, ఒక్క ఆకారంగా కూర్చవలసినది ప్రోగ్రాములో ఉండే కూర్పు యంత్రాంగం. ఇంగ్లీషును మాత్రమే దృష్టిలో పెట్టుకొని రాసిన ప్రోగ్రాములలో అది ఉండదు, అందువల్ల సంకేతాలు విడివిడిగా నిలబడిపోతాయి. షాట్‌కట్‌లోని సాదా అక్షరాల ఫిల్టరు సాధారణంగా తెలుగును సరిగానే కూరుస్తుంది. అయినా మీరు ఏ ప్రోగ్రాము మీదా ఆధారపడనక్కరలేదు. లిబ్రాఫీస్ డ్రా అనే ఉచిత బొమ్మల ప్రోగ్రాములో 16కు 9 నిష్పత్తిలో పేజీ పెట్టుకొని, శీర్షికను యూనికోడ్‌లో అందంగా అమర్చి, పీఎన్‌జీ బొమ్మగా భద్రపరచండి. దాన్ని మరొక ఫొటోలా వరుసలో చేర్చండి. బొమ్మలోని వత్తును ఏ ప్రోగ్రామూ జార్చలేదు.

ఫాంట్ల విషయంలో ఒక్క మాట. రామభద్ర, మండలి, సూరన్న, ధూర్జటి వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. కాగితం మీద ముచ్చటగా ఉండే సన్నని గీతల అక్షరాలు పెద్ద తెర మీద దూరం నుంచి మాయమవుతాయి. వీడియో శీర్షికకు రామభద్ర వంటి దిట్టమైన అక్షరమే తగినది. పెండ్లి పత్రికలో పెట్టిన ముగ్గుల అక్షరాన్నే తెర మీద కూడా పెట్టమని ఇంటివారు పట్టుబడితే, ఒకసారి పది అడుగుల దూరం నుంచి చదివి చూపించమనండి.

ప్రశ్న: నిన్న రాత్రి చేసి భద్రపరచిన వీడియోను ఈ రోజు అన్నయ్య ఇంటి కంప్యూటరులో తెరిస్తే ఒక్క ఫొటో కూడా కనబడలేదు. పెన్‌డ్రైవ్‌లో ఫైలు ఉన్నది, కానీ దాని పరిమాణం కొన్ని కిలోబైట్లే!
ఒక కళాశాల విద్యార్థిని, పటమట, విజయవాడ

జవాబు: మీరు తీసుకువెళ్ళినది వీడియో కాదమ్మా, వంట రాసుకున్న చీటీ. ఈ ప్రోగ్రాములన్నీ రెండు రకాల ఫైళ్ళను రాస్తాయి. ఒకటి ప్రాజెక్టు ఫైలు. ఏ ఫొటో ఏ ఫోల్డరులో ఉంది, ఎన్ని సెకన్లు ఉండాలి అన్న వివరాలే అందులో ఉంటాయి, ఫొటోలు ఉండవు. షాట్‌కట్‌లో దాని పేరు ఎంఎల్‌టీతో, ఓపెన్‌షాట్‌లో ఓఎస్‌పీతో ముగుస్తుంది. రెండవది ఎక్స్‌పోర్ట్ అనే ఆదేశంతో తయారయ్యే అసలైన వీడియో, ఎంపీ4. మండపానికి తీసుకువెళ్ళవలసినది రెండవది. ఇంటికి వెళ్ళి ప్రాజెక్టు ఫైలును మీ కంప్యూటరులోనే తెరిస్తే అన్నీ భద్రంగా కనబడతాయి, కంగారు పడకండి. ఇకముందు ఫొటోలు, పాట, ప్రాజెక్టు ఫైలు మూడింటినీ ఒకే ఫోల్డరులో ఉంచి, ఆ ఫోల్డరు మొత్తాన్ని కాపీ చేయడం అలవాటు చేసుకోండి. ఇది నేను కూడా దెబ్బ తిని నేర్చుకున్నదే: మా చెల్లెలి కూతురి ఓణీల వేడుకకు ఫొటోలను నేరుగా పెన్‌డ్రైవ్ నుంచే అమర్చి, ఆ పెన్‌డ్రైవ్‌ను ఎవరికో ఇచ్చేసి, వేడుక ముందు రాత్రి మళ్ళీ మొదటి నుంచి అంతా చేశాను.

ప్రశ్న: అమ్మా నాన్నల ఫొటోలకు పాత సినిమా పాట జత చేసి యూట్యూబ్‌లో పెడితే కాపీరైట్ హెచ్చరిక వచ్చింది. ఇంటి వేడుకకు కూడా అనుమతి కావాలా? పాట 60 ఏళ్ళు దాటినదైతే?
ఒక బ్యాంకు ఉద్యోగి, లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: మండపంలో వినిపించడమూ, యూట్యూబ్‌లో పెట్టడమూ చట్టం దృష్టిలో ఒకటి కావు. 1957 నాటి మన కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షను, మతపరమైన కార్యక్రమాలలో పాటలు వినిపించడానికి మినహాయింపు ఇచ్చింది. పెండ్లి ఊరేగింపు, పెండ్లికి సంబంధించిన ఇతర వేడుకలు కూడా ఆ మాటలోకి వస్తాయని వివరించింది. ఆ మినహాయింపు ఆ వేడుక వరకే. ఇంటర్నెట్‌లో లోకమంతటికీ పెట్టడానికి అది వర్తించదు.

60 ఏళ్ళ మాట నిజమే కానీ సగం నిజం. రికార్డింగ్ మీద హక్కు అది విడుదలైన మరుసటి సంవత్సరం మొదలుకొని 60 ఏళ్ళు ఉంటుంది. పాట రాసినవారి హక్కూ, బాణీ కట్టినవారి హక్కూ మాత్రం వారు మరణించిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్ళు ఉంటాయి. అందువల్ల 1950ల నాటి రికార్డు గడువు తీరినా, సాహిత్యానికి తీరకపోవచ్చు. యూట్యూబ్ అయితే చట్టాన్ని చదవదు, కంటెంట్ ఐడీ అనే యంత్రంతో మీ వీడియోలోని శబ్దాన్ని హక్కుదారులు ఇచ్చిన శబ్దాలతో పోల్చి చూస్తుంది. సరిపోలితే ఒక క్లెయిమ్ వస్తుంది. ఇది మీ ఖాతాకు పడే శిక్ష కాదు. చాలాసార్లు వీడియో అలాగే ఉంటుంది, ప్రకటనల ఆదాయం హక్కుదారుకు పోతుంది, కొన్నిసార్లు వీడియో కనబడకుండా పోతుంది. యూట్యూబ్ స్టూడియోలోనే ఆ పాటను తొలగించి, వారి ఆడియో లైబ్రరీలోని ఉచిత సంగీతాన్ని పెట్టుకోవచ్చు.

కానీ ఆ లైబ్రరీలోని గిటారు వాయిద్యం మన నాన్నమ్మ ఫొటో వెనుక ఎంత అతకదో పెట్టి చూసినవారికి తెలుస్తుంది. అంతకంటే మంచి దారి ఒకటి చెబుతాను. త్యాగరాజస్వామి 1847లో పరమపదించారు, ఆయన కృతుల మీద ఎవరికీ హక్కు లేదు. హక్కు ఉండేది ఫలానా విద్వాంసులు పాడిన రికార్డింగు మీదే. మీ ఇంట్లో సంగీతం నేర్చుకున్న పిల్ల ఉంటే పంకా ఆపి, తలుపులు మూసి, ఫోనులో ఒక కృతి పాడించండి. అది పూర్తిగా మీ సొత్తు. పాట రానివారింట్లో మాట ఉంటుంది. అమ్మగారి చేత తన పెండ్లినాటి ముచ్చట నాలుగు నిమిషాలు చెప్పించి రికార్డు చేసి, ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రాములో దగ్గులూ తడబాట్లూ కత్తిరించి, ఆ మాటల వెంట ఫొటోలను నడపండి. మాటలో "అప్పుడు కృష్ణా పుష్కరాలు" అని వచ్చినచోట ఆనాటి పుష్కర ఘాట్ ఫొటో పడేలా అమర్చడానికి కొంత ఓపిక కావాలి గానీ, అలా చేసిన వీడియోను బంధువులు రెండవసారి అడిగి చూస్తారు.

ప్రశ్న: కంప్యూటరులో చక్కగా నడిచిన వీడియో ఇంట్లో టీవీలో "ఫైలు మద్దతు లేదు" అంటున్నది. మండపంలోని ఎల్‌ఈడీ తెర మీద కూడా ఇదే గతి పడుతుందా? 4కే లో చేయమని మా మేనల్లుడు అంటున్నాడు.
ఒక వ్యాపారి, వన్‌టౌన్, విజయవాడ

జవాబు: ఎంపీ4 అనేది డబ్బా పేరు మాత్రమే, లోపల సరుకు వేరేగా ఉండవచ్చు. లోపల బొమ్మ హెచ్.264 పద్ధతిలోనూ, శబ్దం ఏఏసీ పద్ధతిలోనూ ఉంటే దాదాపు ఏ టీవీ అయినా చూపిస్తుంది. ఇప్పటికే తయారైన ఫైలును అలా మార్చడానికి హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత ప్రోగ్రాము చాలు. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 పద్ధతిలో ఉంటే 4 జీబీకి మించిన ఒక్క ఫైలును అది పట్టదు. అయితే సెకనుకు 8 మెగాబిట్ల చొప్పున, అంటే ఒక మెగాబైటు చొప్పున చేసిన వీడియో 20 నిమిషాలకు కూడా సుమారు 1200 మెగాబైట్లే అవుతుంది. మీకు ఆ చిక్కు రాదు.

4కే, అంటే 1080 స్థాయికి నాలుగు రెట్లు చుక్కలుండే వీడియో, మాట మరచిపోండి. మండపాలలో పెట్టే తెరలో చుక్కకూ చుక్కకూ మధ్య దూరాన్ని మిల్లీమీటర్లలో చెబుతారు. పీ4 అంటే 4 మిల్లీమీటర్లు. 12 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు ఉన్న పీ4 తెరలో అడ్డంగా సుమారు 914, నిలువుగా 610 చుక్కలే ఉంటాయి. అంత పెద్ద తెర మన లాప్‌టాప్ తెరలో సగం వివరం కూడా చూపలేదన్నమాట. దాని నిష్పత్తి కూడా 16కు 9 కాదు, 3కు 2. ఆపరేటరు తెర నిండాలని మీ వీడియోను అందులో బలవంతంగా నింపితే అందరి ముఖాలూ కోలగా సాగుతాయి. కాబట్టి తెర పెట్టేవారికి ముందే ఫోను చేసి, అడ్డంగా నిలువుగా ఎన్ని చుక్కలో అడిగి, షాట్‌కట్‌లో వీడియో నిష్పత్తిని దానికి తగినట్టు మొదటే పెట్టుకోండి. వేడుక రోజున అతిథులు రాకముందు ఒక్క నిమిషం నడిపి చూడండి.

ప్రశ్న: 2024 సెప్టెంబరులో బుడమేరు వరదలో మా ఇంటి ఆల్బములు నీటిలో నానాయి. ఎండబెట్టాము గానీ కొన్ని ఫొటోలు ఒకదానికొకటి, కొన్ని అద్దానికీ అంటుకుపోయాయి. కొన్నింటి మీద సగం బొమ్మ చెరిగిపోయింది. అమ్మానాన్నల యాభయ్యవ పెళ్ళిరోజుకు వీటితో వీడియో చేయడం సాధ్యమేనా?
ఒక పాఠకుడు, సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: సాధ్యమే. కానీ దేన్నీ లాగవద్దు. ఫొటో కాగితం మీద బొమ్మను మోసేది జెలటిన్ పొర. నీటిలో అది జిగురులా మెత్తబడి, ఎండినప్పుడు దేనికి ఆనుకొని ఉంటే దానికి పట్టుకుంటుంది. పొడిగా ఉండగా లాగితే బొమ్మే ఊడి వస్తుంది. కాబట్టి మొట్టమొదట, ఉన్నవి ఉన్నట్టుగా ప్రతి పుటనూ కిటికీ వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోండి. తరువాత ఏది చెడినా ఇది మిగులుతుంది. అద్దానికి అంటుకున్నదాన్ని అద్దంతో సహా స్కానరు మీద బోర్లించి స్కాన్ చేయండి, విడదీయడానికి ప్రయత్నించవద్దు.

ఒకదానికొకటి అంటుకున్నవి స్టూడియోలో కడిగి ప్రింటు వేసిన ఫొటోలైతే, శుభ్రమైన చన్నీటిలో అరగంట నానబెట్టి, వాటంతట అవి వదులైనప్పుడు మెల్లగా వేరు చేసి, బొమ్మ పైకి ఉండేలా నీడలో ఆరబెట్టవచ్చు. అయినా నష్టభయం ఉంది కాబట్టి, పోయినా బాధ లేని ఫొటోతో ముందు పరీక్షించండి. ఇంట్లోని ఇంక్‌జెట్ ప్రింటరు మీద వేసినవాటిని మాత్రం నీటిలో పెట్టవద్దు, రంగు కరిగిపోతుంది. ఈ శ్రమ అంతటికీ ముందు ఇంకొక పని చేయండి: మీ అమ్మగారి పుట్టింటివారినీ, మేనత్తలనూ అడగండి. ఆ రోజుల్లో పెండ్లి ఫొటోల కాపీలు దగ్గరి బంధువుల ఇళ్ళకు వెళ్ళేవి. తెనాలిలోనో బాపట్లలోనో ఎవరి ట్రంకుపెట్టెలోనో అదే ఫొటో తడవకుండా ఉండవచ్చు.

స్కాన్ చేసేటప్పుడు 600 డీపీఐ, అంటే అంగుళానికి 600 చుక్కలు, పెట్టండి. 6 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల ఎత్తు ఉన్న ఫొటో అప్పుడు 3600కు 2400 చుక్కలవుతుంది. వీడియోకు కావలసినది 1920కు 1080 కదా, అంటే ఫొటోలో సగం చెరిగిపోయినా మిగిలిన సగంలో నుంచే తెర నిండేటంత భాగాన్ని చాలాసార్లు తీసుకోవచ్చు. ఫొటోఫిల్మ్‌స్ట్రిప్‌లోని రెండు చట్రాలనూ చెరగని భాగం మీదే ఉంచితే, చూపు ఆ భాగంలోనే తిరుగుతుంది, మరక తెర మీదికి రాదు. పాస్‌పోర్టు సైజు ఫొటో కూడా 600 డీపీఐ వద్ద సుమారు 827కు 1063 చుక్కలు ఇస్తుంది, తెర ఎత్తుకు దాదాపు సరిపోతుంది. చిన్న మచ్చలను జింప్ అనే ఉచిత ప్రోగ్రాములోని హీల్ పనిముట్టుతో తుడవవచ్చు. ముఖం చెరిగిపోయినచోట మాత్రం కృత్రిమ మేధతో కొత్త ముఖం గీయించవద్దని నా మనవి. అది ఎంత అందంగా వచ్చినా మీ అమ్మగారి ముఖం కాదు, ఆమె వెంటనే పోల్చుకుంటారు.

స్కాన్ చేసిన ఫైళ్ళను రెండు కాపీలు తీయండి. ఒకటి మీ దగ్గర, రెండవది వేరే పేటలో ఉన్న చుట్టాల ఇంట్లో, వీలైతే పై అంతస్తులో.